కొత్త క్యారవాన్, నీళ్ళు కారే పైకప్పు: 30 లక్షల బండి రివ్యూ, ఎవరిని నిలదీయాల?

అందరికీ నమస్తే. ఈ రోజు బండిని బయట నుంచి కాదు, లోపల పైకప్పు నుంచి మొదలుపెడతాం. తమ్ముడూ, కెమెరా పైకి పట్టు. ఏసీ పక్కన ప్లైవుడ్ మీద పసుప్పచ్చ మరక కనపడతాందా? వేలితో నొక్కుతా చూడండి. లోపలికి పోతాంది. ఈ బండి రిజిస్ట్రేషన్ అయ్యి ఇంకా ఏడాది నిండలేదు. చూసింది ఒక్క వానాకాలం. మనదేమో వాన తక్కువ జిల్లా. కడపలోనే ఇట్లుంటే, ఏ కోనసీమకో మున్నారుకో తీసుకుపోయి వారం రోజులు నిలబెడితే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇది ప్రొద్దుటూరు దంపతుల క్యారవాన్, అంటే వ్యాను మీద చిన్న ఇల్లు కట్టిన బండి. ఇద్దరూ గవర్నమెంటు టీచర్లుగా చేసి రిటైరయినారు. కాశీ దాకా మెల్లగా, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగుతా పోవాలని వాళ్ళ కోరిక. రిటైర్మెంటు డబ్బుల్లో నుంచి దాదాపు 30 లక్షలు దీనికే పెట్టినారు. దీన్ని కట్టిన కంపెనీ పేరు ఈ వీడియోలో చెప్పను. వ్యవహారం లీగల్ నోటీసు దాకా వచ్చింది, దాని పని దాన్ని చేసుకోనిద్దాం. బండి మాత్రం దాపరికం లేకుండా చూపిస్తా.

ముందు బాగున్నవి చెప్తా, అవి కూడా నిజమే కాబట్టి. మంచం సౌకర్యంగా ఉంది. కిటికీలకు దోమతెరలు గట్టిగా ఉన్నాయి. గండికోట కొండమీద మధ్యాహ్నం ఎండలో నిలబెట్టినా లోపల ఏసీ బాగానే చల్లబరిచింది. ఇంజిను మీద, గేర్ల మీద ఏ ఫిర్యాదూ లేదు. వ్యాను చేసిన కంపెనీ తన పని సక్రమంగా చేసింది. గొడవంతా ఆ వ్యాను మీద ఇల్లు కట్టినోళ్ళతోనే.

రండి, నిచ్చెన ఎక్కి పైన చూద్దాం. ఏసీ పెట్టడానికి పైకప్పు రేకు కోసినారు. కోసిన చోట చుట్టూ బ్యూటైల్ టేపు అనే రబ్బరు జిగురు పట్టీ పరిచి, ఫ్రేమ్ కూర్చోబెట్టి, స్క్రూలు సమానంగా బిగించి, ఆ పైన పీయూ సీలెంట్ అనే, సందులు మూసే సాగే జిగురు కొట్టాల. అది పద్ధతి. ఇక్కడ టేపే లేదు. పైపైన సిలికాన్ ముద్ద పూసినారు, దుమ్ము కూడా తుడవకుండా. గోరుతో లాగితే పొరలాగా ఊడి వస్తాంది, చూడండి. మన ఎండలకు రేకు పగలు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. రోజూ జరిగే ఆ సాగుడుకి అతుకు సరిగా లేని సిలికాన్ నిలబడదు. నీళ్ళు రేకు కింద దూరి ప్లైవుడ్‌లోకి పాకినాయి. మరక ఇక్కడ కనపడింది గానీ, తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ గుచ్చి చూస్తే మూరెడు దూరంలో కూడా తేమ చూపిస్తాంది. క్యారవాన్లలో నీళ్ళు కిందికి కారడం కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం. చుక్క కిందపడితే వెంటనే తెలుస్తుంది. చెక్కలో పాకితే కుళ్ళినాక గానీ తెలీదు.

ఇంక ప్లైవుడ్ సంగతి. కొటేషన్‌లో "మెరైన్ ప్లై" అని రాసిచ్చినారు. అంటే తడిని తట్టుకునే ప్లైవుడ్. దానికి ఐఎస్ 710 అనే ప్రమాణం ముద్ర ఉంటుంది. అలమర వెనక ముక్క ఊడదీసి చూస్తే ముద్ర ఐఎస్ 303. అది మామూలు అవసరాలకు వాడే ప్లైవుడ్. రాసిచ్చింది ఒకటి, బిగించింది ఒకటి. ఈ ఫోటో దగ్గర పెట్టుకోండి సార్, మీకు ఇదే పెద్ద ఆధారం.

సీటు కింద మూత తీస్తా. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు పోయే లావు వైరు ఇది. దీనికి ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాల. ఎందుకంటే ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరుకు ఏ కాపలా లేదు, అక్కడ షార్టయితే వందల ఆంపియర్లు పారతాయి, ఆపేది ఏదీ ఉండదు. వీళ్ళు ఫ్యూజును బండి అవతలి మూల పెట్టినారు. మధ్యలో ఈ వైరు రేకులో కొట్టిన రంధ్రం గుండా పోతాంది. రంధ్రం అంచుకు వేసే రబ్బరు వలయం, గ్రోమెట్ అంటారు, అది లేదు. రేకు అంచు వైరును ఇప్పటికే కోస్తాంది, ఈ గీత చూడండి. జమ్మలమడుగు నుంచి గండికోటకు వచ్చే దారిలో పడే ప్రతి కుదుపుకీ ఇంకొంచెం కోస్తుంది.

పొయ్యి దగ్గర ఇంకొకటి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకయితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే సిలిండరు అరలో అడుగున బయటికి తెరిచిన రంధ్రం ఉండాల. రంధ్రం కొట్టినారు, దాని మీదనే ఫ్లోరింగ్ షీటు అతికించినారు. పైపు గ్యాసు కోసం చేసిన గట్టి సురక్షా పైపు కాదు, మామూలు రబ్బరు గొట్టం, సొరుగు వెనక నలిగిపోయి ఉంది. వెనక తలుపుకు అడ్డంగా మంచం బిగించినారు, లోపల నుంచి తెరవడానికి లేదు. అంటే నిప్పు పుడితే బయటికి దారి ఒక్క పక్క తలుపే, ఆ తలుపు పక్కనే పొయ్యి.

నేను ఎక్కువ భయపెడతాండా అనుకోవద్దండి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున మన కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద స్లీపర్ బస్సు కిందికి బైకు దూరి మంటలు లేచినాయి, బస్సులోని 19 మంది కాలిపోయినారు. దానికి ముందు 2013 అక్టోబర్‌లో పాలెం దగ్గర ఇంకో బస్సు కాలి 45 మంది పోయినారు. నిప్పు ఎట్లా పుట్టినా, నిద్రలో ఉన్నోళ్ళు బయటపడడం లోపల ఎట్లా కట్టినారనేదాన్ని బట్టి ఉంటుంది. క్యారవాన్ కూడా మనుషులు పడుకునే బండే. గ్యాసు, బ్యాటరీ అదనం.

తర్వాత బరువు. ఎర్రగుంట్ల దారిలో సిమెంటు లారీలు తూచే కాటా మీదికి ఎక్కించినాం. మొత్తం ఒకసారి, వెనక చక్రాలు మాత్రం ఒకసారి తూచినాం. వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద పడే బరువు బండికి కొట్టిన ప్లేటు మీద రాసిన పరిమితిని దాటింది, అదీ నీళ్ళ ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు. ట్యాంకు 100 లీటర్లు, అంటే ఇంకో 100 కిలోలు. పైగా దాన్ని వెనక చక్రాలకు ఇంకా వెనకాల పెట్టినారు. అట్లా పెడితే వెనక చక్రాల మీద ట్యాంకు బరువు కన్నా ఎక్కువ పడుతుంది, ముందు చక్రాల మీద తేలిక అవుతుంది. స్టీరింగు, బ్రేకు రెండిటికీ అది మంచిది కాదు. సొరుగుల కొక్కేలు, ఊడిన బీడింగు, తలుపు సందుల్లో దూరే దుమ్ము, వీటి గురించి చెప్పను. చిన్నవి.

చిన్నవని అన్నా గానీ, ఆస్ట్రేలియాలో చట్టం ఏమంటుందో వినండి. అక్కడ 2020 చివర్నుంచి చిన్న లోపాలు రెండుమూడు కలిసి కూడా పెద్ద లోపం కిందికి రావచ్చు, అప్పుడు డబ్బు వాపసు అడగొచ్చు. అక్కడి వినియోగదారుల నియంత్రణ సంస్థ ఏసీసీసీ 2022లో కొత్త క్యారవాన్ల మీద రిపోర్టు ఇచ్చింది. సర్వేలో జవాబిచ్చిన కొనుగోలుదారుల్లో 80 శాతం మంది బండిలో ఏదో ఒక సమస్య వచ్చిందన్నారు. బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు తిప్పికొట్టి డబ్బు తీసుకోవచ్చు. ఆరు నెలల్లోపు లోపం బయటపడితే అది అమ్మేటప్పుడు లేదని నిరూపించాల్సింది అమ్మినోడే. మన చట్టంలో 30 రోజుల హక్కు అట్లా సూటిగా లేదు. ఉండాలని నేను గట్టిగా అంటాను.

సార్, మీరు ఫోన్ చేస్తే వాళ్ళు ఏమన్నారో ఒకసారి చెప్పండి.

"షోరూముకు పోతే, ఇంజిను, చాసీస్ వరకే మా వారంటీ సార్, పైన కట్టింది మేము కాదు అన్నారు. కట్టినోళ్ళను అడిగితే, రంధ్రం కోసింది ఏసీవాళ్ళు అన్నారు. ఏసీవాళ్ళేమో మిషన్‌కే మా గ్యారంటీ, రేకుకు కాదు అన్నారు. ముగ్గురి చుట్టూ తిరిగినా నాయనా."

మేడమ్ కూడా ఫోటోలు పంపినారు. జవాబుగా వాళ్ళు బొటనవేలు ఎత్తిన బొమ్మ (థమ్స్ అప్) పంపి ఊరుకున్నారంట. ఆరేడు నెలలు ఇట్లనే గడిచినాయి.

ఇక్కడ నేను చెప్పాలనుకున్న అసలు మాట. ఈ తిప్పుడికి చట్టంలో చోటు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీదారు అంటే వస్తువు మొత్తం తనే చేసినోడు మాత్రమే కాదు. ఇతరులు చేసిన భాగాలు తెచ్చి బిగించి కూర్చినోడు కూడా తయారీదారే. వ్యాను ఒకరిది, ఏసీ ఇంకొకరిది కావచ్చు, క్యారవాన్ అని పేరు పెట్టి బిల్లు కొట్టినోడే క్యారవాన్ తయారీదారు. 84వ సెక్షన్ చూడండి. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, చెప్పిన స్పెసిఫికేషన్‌కు తేడా, రాతపూర్వక హామీకి తగ్గట్టు లేకపోవడం, వీటన్నిటికీ అతనే బాధ్యుడు. మెరైన్ ప్లై అని రాసిచ్చినాడు కదా, "మేము నిర్లక్ష్యం చేయలేదు" అన్నా ఆ హామీ విషయంలో తప్పించుకోలేడు.

కంపెనీ వేరే రాష్ట్రంలో ఉంది, అక్కడికి పోయి కొట్లాడాలా అని సార్ అడిగినారు. అక్కర్లేదు. మనం ఉండే చోటే ఫిర్యాదు వేయొచ్చు. ఇచ్చిన డబ్బు 50 లక్షల లోపు కాబట్టి కడప జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. 20 లక్షల నుంచి 50 లక్షల దాకా ఫీజు 1,000 రూపాయలు. గడువు రెండేళ్ళు. లోపం సరిచేయమని, బండి మార్చమని, డబ్బు తిరిగి ఇవ్వమని, నష్టపరిహారం కట్టమని కమిషన్ ఆదేశించగలదు. ముందు మాట్లాడి చూడాలనుకుంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ఒక జాగ్రత్త. బండిని అద్దెకు తిప్పుతాంటే "వ్యాపారం కోసం కొన్నారు" అని అవతలివాళ్ళు అడ్డు చెప్తారు. సొంత బతుకుతెరువు కోసం తిప్పుకునే వాళ్ళకు మినహాయింపు ఉంది గానీ, వాదన తప్పదు.

ఇంకొకటి, చాలామంది తెలీక పోగొట్టుకునేది. కారతాందని చుట్టుపక్కల మెకానిక్‌తో పూయించుకోవద్దండి. ఆధారం పోతుంది, పైగా "మీరే చెయ్యిపెట్టి చెడగొట్టినారు" అంటారు. ముందు ఫోటో, వీడియో, మీటర్ రీడింగు, ఇంజినీరు చేత రాతపూర్వక రిపోర్టు. వానకు టార్పాలిన్ కప్పండి, అంతవరకే.

కొనబోయే వాళ్ళకు. మోటార్ క్యారవాన్లకు మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. మీరు కొనే మోడల్ సర్టిఫికెట్ కాపీ అడ్వాన్స్ ఇవ్వకముందే చేతికి తీసుకోండి. డెలివరీ నాడు దండలు, ఫోటోలు తర్వాత. బండిని మొదట వాటర్ వాష్ సెంటర్‌కు తోలి పైనుంచి అరగంట నీళ్ళు కొట్టించండి, తర్వాత కాటాకు. రెండూ ముగిశాకే సంతకం. "అంత అవసరమా సార్" అని అడిగే కంపెనీ అయితే అక్కడే ఆగండి.

ఈ బండికి నా రేటింగ్ సున్నా. మంచం బాగుంది, ఏసీ బాగుంది, అయినా సున్నానే, గ్యాసు రంధ్రం మూసేసిన బండిలో పడుకోమని నేను ఎవ్వరికీ చెప్పలేను. ఇప్పుడు సిలిండరు బయటికి తీసేసినాం, బ్యాటరీ వైరు విప్పేసినాం. ఇదిగో నోటీసు పంపిన స్పీడ్ పోస్టు రసీదు. నోటీసులో సార్ మరమ్మతు అడగలేదు, పూర్తి డబ్బు వాపసు అడిగినారు, 15 రోజులు గడువు ఇచ్చినారు. గడువు దాటిన మరుసటి పనిదినం కడప కమిషన్‌లో ఫిర్యాదు పడుతుంది, కాగితాలన్నీ ఈ ఫైల్లో సిద్ధంగా ఉన్నాయి.