మైక్ ఆపేసి ఆడే అమ్మాయిలు

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు వీడియో గేమ్‌ల గురించి, వాటిని ఆడే ఆడవాళ్ళ గురించి, తయారుచేసే ఆడవాళ్ళ గురించి మాట్లాడతాను. నేను బెంగళూరులో ఒక గేమ్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ఆట బయటికి రాకముందే ఆడి, అందులో తప్పులు పట్టుకోవడం నా పని. ఉండేది మారతహళ్ళి దగ్గర ఒక లేడీస్ పీజీలో. అక్కడ సగం మందిమి తెలుగువాళ్ళమే. అనంతపురం, కడప, చిత్తూరు అమ్మాయిలు ఎక్కువ, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

రాత్రి భోజనాలయ్యాక మాలో కొందరు ఫోన్ అడ్డంగా తిప్పి బీజీఎంఐ ఆడతారు. తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. వంద మంది దాకా ఒక దీవిలో దిగుతారు, ఒకరినొకరు వేటాడుకుంటారు, చివరిదాకా మిగిలిన జట్టు గెలుస్తుంది. జట్టుకు నలుగురు. మనవాళ్ళు తక్కువైతే ఆటే ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళను కలుపుతుంది. వాళ్ళను రాండమ్స్ అంటారు. "ఎడమవైపు చెట్టు వెనక ఒకడున్నాడు", "నాకు దెబ్బ తగిలింది, రివైవ్ చెయ్" లాంటి మాటలు టైప్ చేసే టైమ్ ఉండదు, మైక్‌లో చెప్పుకోవాల్సిందే. జట్టు నిలబడేది ఆ మాటల మీదే.

మా పీజీ అమ్మాయిలు హెడ్‌సెట్ పెట్టుకుంటారు, అందరి మాటలూ వింటారు. మైక్ మాత్రం ఆన్ చెయ్యరు. కొందరు ఐడీకి అబ్బాయి పేరో, ఎవరిదో తెలియని పేరో పెట్టుకుంటారు. మా పక్క గదిలో ఉండే అమ్మాయి చాలా బాగా ఆడుతుంది, నాకంటే ఎన్నో రెట్లు నయం. ఆమె గొంతు ఆటలో ఒక్క కొత్త మనిషి కూడా వినలేదు. ఎందుకని అడిగితే, ఫోన్ నా చేతికిచ్చి "నువ్వే మైక్ ఆన్ చేసి చూడు" అంది.

చూశాను. మొదటి ప్రశ్న "అమ్మాయివా?" అని. తర్వాత ఏ ఊరు, సింగిలా, ఇన్‌స్టా ఐడీ ఇవ్వు. ఒకడు పాట పాడమన్నాడు. జవాబు చెప్పకుండా ఆట మీద ధ్యాస పెడితే పొగరంటారు. జట్టు ఓడితే తప్పెవరిదో ముందే తేలిపోతుంది, అమ్మాయి ఉంది కాబట్టే ఓడామని. ఆ తర్వాత వచ్చేవి ఆకాశవాణిలో చెప్పదగిన మాటలు కావు. చెప్పదగినది ఒకటుంది, అన్నిటికంటే ఎక్కువగా వినపడేదీ అదే: "వెళ్ళి అంట్లు తోముకో". ఈ మాటను గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

మంచి పిల్లలు లేరని కాదు. ఒక రాత్రి చిత్తూరు యాసలో ఒక కుర్రాడు "అక్కా, వాళ్ళ మాటలు పట్టించుకోవద్దు, నువ్వు నా వెనకాలే రా" అన్నాడు. మిగతా ఇద్దరూ ఆట అయ్యేదాకా నోరు మెదపలేదు. ఒక్క కుర్రాడు ఒక్క ముక్క అంటే చాలు, మిగతావాళ్ళు వెనక్కి తగ్గుతారని ఆ రోజు కళ్ళారా చూశాను. అలా అనేవాళ్ళు చాలా తక్కువగా దొరుకుతారు, అదే బాధ.

ఇందులో నష్టం మనసు నొచ్చుకోవడంతో ఆగదు. మైక్ ఆపేసిన అమ్మాయి శత్రువు ఎక్కడున్నాడో చెప్పలేదు, సాయం అడగలేదు, జట్టును నడిపించలేదు. ఎంత గురి ఉన్నా సగం ఆటే ఆడుతుంది. ఓడిపోతుంది. అప్పుడు "అమ్మాయిలకు గేమ్స్ రావు" అంటారు. నోరు మూయించినవాళ్ళే ఆట రాదని తీర్పు కూడా చెబుతున్నారు.

పెద్దవాళ్ళకు ఒక మాట. ఇంట్లో గేమ్ అనగానే ఆన్‌లైన్ రమ్మీ గుర్తొచ్చి భయపడతారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పందెం లేకుండా నైపుణ్యంతో పోటీపడే వీడియో గేమ్‌లను, గుర్తించింది. నేను చెబుతున్నది ఈ రెండో రకం గురించి.

అసలు అమ్మాయిలకూ ఆటలకూ దూరం ఎప్పటిది? మన ఇళ్ళలో అష్టాచమ్మా, వామనగుంటలు, పచ్చీసు బాగా ఆడినవాళ్ళు ఆడవాళ్ళే. ఎత్తుకు పైఎత్తు వెయ్యడంలో మా అమ్మమ్మను గెలిచినవాళ్ళను నేను చూడలేదు. వీడియో గేమ్‌ల తొలిరోజుల్లో కూడా ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. 1980లో రాబర్టా విలియమ్స్ రూపొందించిన మిస్టరీ హౌస్, బొమ్మలతో వచ్చిన మొదటి అడ్వెంచర్ గేమ్. 1981లో అటారీ కంపెనీలో డోనా బెయిలీ అనే ప్రోగ్రామర్ ఎడ్ లాగ్‌తో కలిసి సెంటిపీడ్ అనే ఆట తయారుచేశారు. మరుసటి ఏడు కెరోల్ షా ఒక నది మీద విమానం ఎగిరే ఆట రాశారు, పేరు రివర్ రెయిడ్. ఆ క్యాసెట్‌లో ఉన్న చోటు మొత్తం 4 కిలోబైట్లు. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపుకునే ఫొటోకు కూడా అది చాలదు. అంత చిన్న చోట నది మొత్తాన్ని దాచలేరు కదా. అందుకని నది ఎక్కడ వంపు తిరగాలో, ఎక్కడ వెడల్పవ్వాలో ఆటే అప్పటికప్పుడు లెక్క కట్టుకునేలా సూత్రం రాశారావిడ. టెస్టింగ్ పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ పనితనం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఇక జపాన్‌లో 1980లో ప్యాక్‌మ్యాన్ రూపొందించిన తోరు ఇవతాని, ఆడవాళ్ళు కూడా గేమ్ సెంటర్లకు రావాలనే ఉద్దేశంతోనే కాల్పులు లేకుండా తినడం చుట్టూ ఆట అల్లారు.

1983లో అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. మళ్ళీ లేచినప్పుడు గేమ్‌లు బొమ్మల దుకాణాల్లోకి చేరాయి. అక్కడ మగపిల్లల బొమ్మలు ఒక వైపు, ఆడపిల్లల బొమ్మలు ఒక వైపు. గేమ్‌లను మగపిల్లల వైపు సర్దారు, ప్రకటనలూ వాళ్ళకోసమే తీశారు. మన ఊళ్ళకు గేమ్‌లు వచ్చేసరికి ఇది అబ్బాయిల వస్తువు అనే ముద్ర వాటితోపాటే వచ్చింది. మా ఊళ్ళో వీడియో గేమ్ షాపు అంటే అబ్బాయిల అడ్డా. గంటకింత అని డబ్బులిచ్చి ఆడేవాళ్ళు. నేను గుమ్మం బయట నిలబడి తమ్ముడు ఆడుతుంటే చూసేదాన్ని.

తెర మీద ఆడవాళ్ళ సంగతి కూడా ఈ ముద్రను బట్టే నడిచింది. 1981లో డాంకీ కాంగ్ నుంచి, 1985లో సూపర్ మారియో నుంచి కథ ఒకటే. అమ్మాయిని ఎవరో ఎత్తుకుపోతారు, వీరుడు విడిపిస్తాడు. 1986లో వచ్చిన మెట్రాయిడ్‌లో కవచం తొడుక్కుని పోరాడే సామస్ ఆడమనిషి అని ఆట చివర బయటపెట్టారు. గొప్ప మలుపే. కానీ ఆటను ఎంత తక్కువ సమయంలో ముగిస్తే చివర ఆమె ఒంటి మీద అంత తక్కువ బట్టలతో కనిపిస్తుంది. బాగా ఆడినవాడికి బహుమతి ఆమె శరీరం అన్నమాట. 1996లో వచ్చిన టూంబ్ రైడర్ ఆటలోని నాయిక లారా క్రాఫ్ట్ తెలివైనది, ధైర్యవంతురాలు, పోస్టర్ల మీద మాత్రం వాటికి చోటు దొరకలేదు. 2013లో ఆ పాత్రను కొత్తగా మలిచినప్పుడు ప్రధాన రచయిత్రి రియానా ప్రాచెట్. అప్పుడు లారాకు భయం, దెబ్బ, మొండితనం అన్నీ వచ్చాయి, నిజంగా కొండ ఎక్కగలిగే మనిషిలా కనిపించింది.

నా పనిలోనూ ఇది ఎదురైంది. ఒక ఆటలో యోధురాలి కవచానికి పొట్ట దగ్గర ఏమీ లేదు. మగ యోధుడికి మెడ నుంచి మోకాలి దాకా ఇనుమే. నేను బగ్ రాశాను, అంటే ఇది తప్పని నమోదు చేశాను, కత్తి దెబ్బ తగిలే చోట కవచం లేదని. "డిజైన్ ప్రకారమే ఉంది" అని రాసి మూసేశారు. మళ్ళీ తెరిచాను. మూడు మీటింగులు అయ్యాయి. ఆ గదిలో ఇంకొక అమ్మాయి ఉండి, "నాకూ ఇది తప్పనిపిస్తోంది" అన్నాక కవచం పూర్తయింది. ఆమె లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు.

మన దేశంలో వచ్చిన రెండు మంచి ఉదాహరణలు చెప్పకుండా ఉండలేను. పుణెలోని ఒక స్టూడియో 2020లో రాజీ అనే ఆట తెచ్చింది. అందులో తమ్ముడిని రాక్షసులు ఎత్తుకుపోతే అక్క విడిపించడానికి బయలుదేరుతుంది, దుర్గమ్మ ఆయుధం ఇస్తుంది. కలకత్తాకు చెందిన కళాకారిణి లీనా కేజ్రీవాల్ 2016లో తెచ్చిన మిస్సింగ్ ఆటలో, అమ్మకానికి గురైన ఒక అమ్మాయి స్థానంలో మనం ఉంటాం, బయటపడే దారి వెతుక్కోవాలి. మూడోది పరాయి దేశంలో తయారైనా మనకు దగ్గరిదే. 2023లో కెనడాలో తయారైన వెన్బా. 1988లో అక్కడికి వలస వెళ్ళిన తమిళ తల్లి, అమ్మ ఇచ్చిన పాత వంటల పుస్తకంలో చెరిగిపోయిన చోట్లను ఊహించుకుంటూ వండుతుంది. మొదటి వంట ఇడ్లీ. నేను ఆడుతుంటే మా పీజీలో వంట చేసే ఆంటీ వచ్చి పక్కన కూర్చుని, ఏ పళ్ళెం ముందు పెట్టాలో నాకు చెప్పింది. గేమ్ అనే వస్తువును ఆమె చేత్తో ముట్టుకోవడం అదే మొదలు.

ఇక చేదు సంగతి. 2014లో గేమర్‌గేట్ పేరుతో అమెరికాలో మొదలైన గుంపు దాడి ఆడవాళ్ళ మీద విరుచుకుపడింది. గేమ్‌లలో స్త్రీ పాత్రల గురించి వీడియోలు చేసిన అనితా సర్కీసియన్ ఆ అక్టోబరులో యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడాల్సి ఉంది. సభ జరిగితే కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్ళు తుపాకీ తెచ్చుకోకుండా ఆపలేమని యూనివర్సిటీ చెప్పడంతో ఆవిడ ఉపన్యాసం రద్దు చేసుకున్నారు. మైక్ ఆపించడం అంటే ఇంతదాకా వెళ్తుంది. కంపెనీల లోపలా ఇదే వరస. ఆడ ఉద్యోగుల పట్ల వివక్ష కేసులో వాలొరెంట్ అనే షూటింగ్ ఆట తయారుచేసే రయట్ గేమ్స్ కంపెనీ 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకు రాజీ ఒప్పుకుంది.

అయినా గెలిచినవాళ్ళున్నారు. చైనాకు చెందిన లి షియావోమెంగ్ ఒకప్పుడు ఒక టోర్నమెంటు వరసలో నిలబడితే, అమ్మాయివి, ఇక్కడ నీకేం పని అని ఒకడు అన్నాడట. ఆమె 2019లో హార్త్‌స్టోన్ అనే కార్డుల వీడియో గేమ్ ప్రపంచ ఫైనల్ గెలిచి ఆ సంగతి వేదిక మీదే చెప్పింది. ఆడవాళ్ళకు విడిగా టోర్నమెంట్లు ఎందుకని చాలామంది అడుగుతారు, కండబలంతో పనిలేని ఆట కదా అని. నిజమే. కానీ 2021లో ఆడవాళ్ళ కోసం మొదలైన వాలొరెంట్ గేమ్ చేంజర్స్ టోర్నమెంట్ల లాంటి చోట అమ్మాయిలు మొదటిసారి గొంతెత్తి జట్టును నడిపించడం నేర్చుకుంటున్నారు. ఇప్పటికి అవి కావాలనే నా అభిప్రాయం.

ఇప్పుడు ఆ అంట్ల మాట దగ్గరికి వస్తాను. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాము సొంతంగా వాడుకునే ఫోన్ ఉందన్న ఆడవాళ్ళు 54 శాతమే. ఆడాలంటే ముందు ఫోన్ ఉండాలి, తర్వాత ఖాళీ ఉండాలి. రెండూ సంపాదించుకుని వచ్చి కూర్చున్న అమ్మాయిని పట్టుకుని, నీ ఖాళీ నీది కాదు పో అని చెప్పడమే ఆ మాటకు అర్థం. అందుకే బూతుల కంటే అదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

ఏం చెయ్యవచ్చు? వెంటపడి వేధిస్తే స్క్రీన్ రికార్డ్ చేసి, ఐడీ రాసి పెట్టుకుని, ఆటలోనే రిపోర్ట్ కొట్టండి. బెదిరింపుల దాకా వస్తే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యండి. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ఆన్‌లైన్‌లో వెంటాడటానికి కూడా వర్తిస్తుంది. అమ్మానాన్నలు ఫోన్ మాత్రం లాక్కోవద్దు. ఆ భయంతోనే పిల్లలు జరిగింది చెప్పరు.

అసలు పని కంపెనీలది. మైక్‌లో తిట్లను పట్టుకునే ఏర్పాటు కోసం రయట్ 2022లో గొంతులు రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది, ఉత్తర అమెరికాలో, ఇంగ్లీషులో. తెలుగు గొంతుల సంగతి ఎవరు చూస్తారు? "వెళ్ళి అంట్లు తోముకో" అన్న వాక్యంలో ఒక్క బూతు మాట లేదు. యంత్రానికి అది పనిమాటలా వినిపిస్తుంది. అందులో తిట్టు ఎక్కడుందో తెలుగింట్లో పెరిగిన ఆడపిల్ల చెప్పగలదు. 1997లోనే ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్ కంపెనీ మొదలైన ఊరు మా బెంగళూరు. గేమింగ్, యానిమేషన్ రంగానికి దేశంలో మొదటి విధానాన్ని కర్ణాటక 2012లో తెచ్చింది. జింగా అనే గేమ్ కంపెనీ బెంగళూరు ఆఫీసులో పనిచేసిన పూర్ణిమా సీతారామన్ 2020లో విమెన్ ఇన్ గేమ్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కించుకున్న మొదటి భారతీయురాలు. ఈ ఊరి స్టూడియోలు తెలుగు, కన్నడ, తమిళ గొంతులను వినే బృందాలు పెట్టాలని, అందులో ఆడవాళ్ళు సగమైనా ఉండాలని నేను అడుగుతున్నాను. ఇంజనీరింగ్ చదివి టెస్టింగ్ ఉద్యోగం కోసం ఇక్కడికి వస్తున్న తెలుగమ్మాయిలు ఇంటర్వ్యూలో ఈ పని గురించి అడగండి. మా పక్క గది అమ్మాయి పోయిన నెల ఒక స్టూడియోకు అప్లై చేసింది. తనకు వచ్చిన భాషల గడిలో తెలుగును మొదట రాసింది.

నమస్కారం.