సూది మార్చే ముందు, మార్చాక

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న వాళ్లలో చాలామందికి ఏదో ఒక పని బాగా చేతికొచ్చి ఉంటుంది. కొందరిది బట్ట గళ్లు లెక్కపెట్టి ఇంటూ గుర్తులు వేసే క్రాస్ స్టిచ్, కొందరిది కొక్కెంతో అల్లే క్రోషే, కొందరిది రెండు సూదుల ఊలు అల్లిక. ఆ పని మీద ఇష్టం తగ్గకుండానే చెయ్యి మొరాయించే రోజులు వస్తాయి. అప్పుడు దాన్ని ఎలా ఆపాలి, బదులుగా ఏం పట్టుకోవాలి అన్నదే ఇవాళ్టి విషయం. కొత్త పనిలో మనకి ఎక్కువగా అడ్డం తగిలేది పాత పనిలో బాగా కుదిరిన చేతి అలవాటే. అది ఎక్కడ తగులుతుందో ముందే తెలిస్తే బోలెడు బట్ట, దారం మిగులుతాయి.

అసలు విసుగు ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూసుకోండి. కుట్టిన దానికంటే విప్పిందే ఎక్కువవుతోందనుకోండి. లెక్క తప్పి విప్పుతున్నారా, బిగువు కుదరక విప్పుతున్నారా? లెక్క తప్పుతుంటే అలిసినవి కళ్లు. బిగువు మారుతుంటే అలిసింది చెయ్యి. రెండూ బాగానే ఉండి, ఒకే నీలంతో ఆకాశం నింపలేక ప్రాణం విసిగితే అది ఆ డిజైన్ మీద విసుగు. దానికి పని మార్చక్కర్లేదు, అదే బట్టలో ఇంకో మూలకి వెళ్తే చాలు. బొటనవేలి మొదట్లో నొప్పి, మణికట్టులో పోటు ఉంటే మాత్రం ఆ పట్టు కొన్నాళ్లు మానాల్సిందే. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి చెయ్యి మొద్దుబారి మెలకువ వస్తున్నా డాక్టరుకి చూపించుకోండి. ఇంకో రకం సూది పట్టుకోవడం దానికి వైద్యం కాదు.

ఇక ఆపడం. సగంలో ఉన్న పనులు పెట్టెల్లోనే ఉండిపోవడానికి చాలాసార్లు కారణం ఆపిన తీరే అంటాను.

క్రాస్ స్టిచ్ అయితే బట్టని, దాన్ని బిగించిన రింగులోంచి తీసెయ్యండి. రింగులోనే వదిలేస్తే గుండ్రంగా మడత పడుతుంది, ఆ మడతలో చేతి జిడ్డూ దుమ్మూ చేరి గీతలా మిగిలిపోతాయి. సూదిని బట్టకి గుచ్చి ఉంచకండి. పూత పోయిన సూది తుప్పు పడితే ఆ మరక ఓ పట్టాన వదలదు. సగంలో ఉన్న దారాన్ని వెనకవైపు నాలుగైదు కుట్ల కిందుగా దూర్చి కత్తిరించండి. బట్టని మడవకుండా, కుట్టిన వైపు బయటికి ఉండేలా అట్ట గొట్టానికి చుట్టి, పైన ఉతికిన పాత నూలుగుడ్డ కప్పండి. గళ్లు నీళ్లకి పోయే నీలం పెన్నుతో గీసి ఉంటే దాని మీద ఇస్త్రీ పెట్టకండి, వేడి తగిలితే ఆ గీత ఉండిపోతుంది. వేడికి మాయమయ్యే పెన్నుది ఇంకో తంటా: పోయిందనుకున్న గీత బాగా చల్లబడితే మళ్లీ తేలుతుంది.

ఒక చీటీ కూడా రాయాలి. రంగు నంబర్లు, ఎన్ని పోగులు, సూది నంబరు. వీటితో పాటు జనం రాయడం మరిచిపోయేది ఒకటుంది: ఇంటూ గుర్తులో పైన ఉండే కాలు ఏ వైపు వాలుతోందో. చాలా రోజుల తర్వాత మొదలుపెట్టినప్పుడు అది తెలియకుండానే తిరగబడుతుంది. దగ్గర్నుంచి చూస్తే ఏమీ తేడా ఉండదు. రెండడుగులు వెనక్కి జరిగితే మాత్రం అదే నంబరు దారం అక్కడ వేరే రంగులా మెరుస్తుంది.

ఊలు అల్లే వాళ్లు వరస మధ్యలో ఆపకూడదు. చాలాకాలం సూదుల మీదే ఉన్న కుట్లు సాగిపోతాయి. తిరిగి అల్లాక అక్కడ అడ్డంగా గీత కనిపిస్తుంది. వరస పూర్తిచేసి, కుట్లన్నీ వేరే రంగు నున్నటి నూలుదారం మీదకి ఎక్కించి, కొసలు ముడేసి, సూదులు తీసెయ్యండి. సూది సైజు రాసిన చీటీనీ, ఊలు ఉండ మీది లేబులునీ దానికే కట్టండి. లేబులు మీద రంగు నంబరు పక్కన అద్దకం లాటు నంబరు, అంటే ఒకేసారి రంగు అద్దిన ఊలుకి వేసే నంబరు, ఉంటుంది, తర్వాత ఊలు తక్కువ పడితే దాంతోనే పని. క్రోషేకి ఇంత బాధ లేదు. ఆఖరి లూపుని పొడుగ్గా లాగి పిన్నీసు తగిలిస్తే సరిపోతుంది.

ఇప్పుడు కొత్త పని ఎంచుకోవడం. చూడ్డానికి వేరుగా ఉందని తీసుకుంటే మోసపోతాం. అది దేన్ని పట్టుకుంటుంది, కంటితో ఏం చేయిస్తుంది, తప్పు పోతే విప్పొచ్చా అన్నవి చూడండి. ఊలు అల్లికతో మణికట్టు నొప్పి పుట్టిన వాళ్లు క్రోషేకి మారితే రెండో చేతికి కాస్త విశ్రాంతి దొరుకుతుందేమో గానీ, కొక్కెం పట్టిన మణికట్టుకి తిప్పుడు పెరుగుతుంది. 14 కౌంట్ ఐడా, అంటే అంగుళానికి 14 గళ్లుండే క్రాస్ స్టిచ్ బట్ట, మీద కళ్లు అలిసిన వాళ్లు అంగుళానికి 28 పోగులుండే 28 కౌంట్ బట్ట మీద రెండేసి పోగులు లెక్కపెట్టే పనికి వెళ్తే కుట్టు సైజు అంతే, కంటికి శ్రమ రెట్టింపు.

లెక్కపెట్టే కుట్టు నుంచి వచ్చే వాళ్లకి నేను ముందు చెప్పేది సాషికో. జపాన్ పల్లెల్లో పాత బట్టల పొరలు కలిపి గట్టిపరచడానికి వాడిన కుట్టు ఇది. ఉండేది వట్టి రన్నింగ్ స్టిచ్చే, అంటే పైకీ కిందికీ వరసగా పోయే మామూలు కుట్టు. నేతలో గళ్లు లెక్కపెట్టక్కర్లేదు, రింగు ఉండదు, పోగులు విడదీసే పనీ ఉండదు. అందుకే తేలికనుకుంటారు, అందుకే మొదటి బట్ట ముడుచుకుపోతుంది.

25 సెంటీమీటర్ల చదరం ముక్క తీసుకోండి. సాదా నేత నూలు బట్ట కావాలి. మరీ దట్టంగా నేసిన దుప్పటి బట్ట వద్దు, మందపు దారం దాంట్లోంచి దూరదు. ముందుగా ఉతికి ఆరేసి ఇస్త్రీ చెయ్యండి, లేకపోతే కుట్టాక బట్ట కుంచించుకుని దారం వదులవుతుంది. ముదురు రంగు బట్టయితే ఇది మరీ ముఖ్యం, రంగు దిగితే తెల్లదారం పాడవుతుంది. బట్ట మీద 2 సెంటీమీటర్ల గళ్లు గీయండి. దారం చేతికి 60 సెంటీమీటర్లు మించకూడదు, పొడుగైతే లాగీ లాగీ నూగు లేస్తుంది.

పైన కనిపించే కుట్టు 3 మిల్లీమీటర్లు, మధ్యలో ఖాళీ 2 మిల్లీమీటర్లు. ఒక గడిలో నాలుగు కుట్లు పడతాయి. గడి మొదట్లో 1, చివర్లో 1 మిల్లీమీటరు వదలండి. అప్పుడు నాలుగు గీతలు కలిసే చోట మధ్యలో చిన్న ఖాళీ ఉంటుంది. దారాలు అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, ఎక్కితే బొడిపె తేలుతుంది. ముందు అడ్డ గీతలన్నీ, తర్వాత నిలువు గీతలన్నీ, ఆఖరున ఐమూల గీతలు కుట్టండి. గడి తర్వాత గడి నింపుకుంటూ పోయే క్రాస్ స్టిచ్ అలవాటు ఇక్కడ పనికిరాదు.

చెయ్యి ఎలా కదలాలో చూడండి. క్రాస్ స్టిచ్‌లో సూది పైకొస్తుంది, కిందికెళ్తుంది, బట్ట కదలదు. సాషికోలో సూది దాదాపు కదలదు. ఎడమ చెయ్యి బట్టని పైకీ కిందికీ ఊపుతూ సూది మొన మీదకి ఎక్కిస్తుంది. సూది వెనక కొస, నడిమి వేలి మొదట్లో అరచేతి వైపు పెట్టుకునే తోలు తొడుగుకి ఆని ఉంటుంది. ఐదారు కుట్లు సూదికి ఎక్కాకే దారం లాగాలి. లాగిన వెంటనే ఆ వరసని రెండు చేతుల బొటనవేళ్లతో, మొదలుపెట్టిన చోటు నుంచి కొసవైపు సాఫీగా దువ్వాలి. దువ్వితే ముడతలన్నీ విప్పుకుని, బట్టకి కావలసినంత దారం లోపలే ఉండిపోతుంది.

ఇక్కడే పాత అలవాటు దెబ్బతీస్తుంది. ప్రతి కుట్టుకీ దారం బిగించి చూసుకోవడం ఏళ్ల తరబడి చేసిన చెయ్యి, దువ్వాక కూడా ఇంకోసారి లాగుతుంది. ఆ ఆఖరి లాగుడే బట్టని ముడుస్తుంది. వరస చివర తిరిగేటప్పుడు వెనక చిన్న లూపు వదులుగా ఉంచండి, బియ్యపుగింజంత చాలు. అది చూసి వెనకవైపు అందంగా లేదని బిగించకండి.

క్రోషే వాళ్లకి ట్యాటింగ్ చెప్తాను, కాకపోతే ఓపిక కావాలి. దారం చుట్టుకునే షటిల్ అనే చిన్న పనిముట్టుతో వేసే చిన్న ముళ్ల అల్లిక ఇది. మొత్తం కిటుకు ఒక్క క్షణంలో ఉంది: షటిల్ దారంతో వేసిన మెలిక, బిగించే లోపల ఎడమ చేతి దారం మీదకి మారాలి. మారకపోతే అది మామూలు ముడి అయిపోతుంది, ముళ్ల వరసని గుండ్రంగా లాగి చేసే రింగు మూసుకోదు. మారాలంటే మెలిక పడగానే ఎడమ చేతి వేళ్లు వదులు చెయ్యాలి, షటిల్ దారాన్ని తిన్నగా బిగించాలి, మెలిక అటు దూకాక అప్పుడు ఎడమ వేళ్లు చాపి దాన్ని చోటుకి చేర్చాలి. క్రోషే చేసిన ఎడమ చెయ్యికి దారం ఎప్పుడూ బిగుతుగా పట్టుకోవడమే తెలుసు. వదలమంటే వదలదు.

అందుకని మొదట రింగు జోలికి పోవద్దు. రెండు రంగుల దారాలు, ఒక్కోటి 2 మీటర్లు, కొసలు కలిపి ముడెయ్యండి. ఒక రంగు షటిల్‌కి చుట్టి, రెండోది ఎడమ చేతికి తగిలించి వరసగా ముళ్లు వెయ్యండి. ముళ్లు ఎడమ చేతి దారం రంగులో కనిపిస్తే మారినట్టు. షటిల్ రంగు పైకి కనిపించిందంటే అక్కడ మారలేదు, వెంటనే సూది మొనతో విప్పండి. పైన మరో రెండు ముళ్లు పడ్డాక విప్పడం నరకం, మూసేసిన రింగు విప్పే బదులు కత్తిరించడమే మేలు.

లెక్క ఇష్టమే, రంగులు మార్చడమే విసుగు అనే వాళ్లకి బ్లాక్‌వర్క్, అంటే నల్లదారంతో గీతలుగా వేసే లెక్క కుట్టు, బాగుంటుంది. అదే 14 కౌంట్ ఐడా, అదే మొద్దు మొన సూది, ఒక్క పోగు నల్లదారం. వెళ్లేటప్పుడు ఒకటి విడిచి ఒకటి కుట్టి, వచ్చేటప్పుడు ఖాళీలు నింపాలి. గీత వంకరటింకరగా వస్తోందంటే, వచ్చేటప్పుడు సూది ఒకసారి పాత దారానికి ఈ పక్కనా ఒకసారి ఆ పక్కనా తేలుతోందన్నమాట. ఎప్పుడూ ఒకే పక్కన పైకి తీసి, రెండో పక్కన దింపండి. నల్లదారాన్ని వెనక దూరం లాక్కెళ్తే ఐడా రంధ్రాల్లోంచి కనిపిస్తుందని మరవకండి.

ఏది మొదలుపెట్టినా చిన్నదే పెట్టుకోండి. ఒక సూది, ఒక దారం, అరచేతి రెండింతల బట్ట. పెద్ద కిట్లు కొనకండి. కిట్లు కొనడం కూడా ఒక హాబీయే, అది వేరే సంగతి. అరగంటకోసారి ఆపి వేళ్లు పూర్తిగా చాపండి.

పాత పనికి తిరిగొచ్చినప్పుడు తిన్నగా అసలు బట్ట మీదకి వెళ్లొద్దు. క్రాస్ స్టిచ్ వాళ్లు మిగులు ముక్క మీద పదికి పది గళ్లు కుట్టి, పాతదాని పక్కన పెట్టి చూసుకోండి. సాషికో తర్వాత చెయ్యి వదులవుతుంది. రెండూ కలవకపోతే ఆగిన చోట కాకుండా ఇంకో మూలలో ఇంకో రంగుతో మొదలుపెట్టండి. ఊలు వాళ్లు కొత్త నమూనా ముక్క అల్లి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. పాత లెక్క కంటే ఎక్కువ పడితే బిగువు పెరిగినట్టు, ఒక సైజు పెద్ద సూది తీసుకోవాలి. తక్కువ పడితే ఒక సైజు చిన్నది.

అసలు తిరిగి రావాలనిపించకపోతే ఊలుని విప్పేసుకోవచ్చు. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తీసి చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టండి. పిండకుండా తువ్వాల్లో నొక్కి నీడన వేలాడదీస్తే మెలికలు చాలావరకు పోతాయి. కిందన బరువు కట్టకండి, ఊలు సాగుతుంది.

బల్ల మీద సాషికో ముక్కలు రెండు పెట్టాను, ఒకటి దువ్వి కుట్టింది, ఇంకోటి దువ్వనిది. తిప్పి వెనకవైపు కూడా చూడండి. షటిళ్లూ రెండు రంగుల దారాలూ అక్కడే ఉన్నాయి, ముడి మార్చడం ప్రయత్నించాలనుకునే వాళ్లు ముందుకి రండి.