ఇన్హేలర్ వాడుతున్నా ఆయాసం తగ్గట్లేదా?

వాణి: డాక్టర్ గారూ, వినేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఇన్హేలర్ రోజూ వాడుతున్నాం, అయినా పిల్లికూతలు తగ్గట్లేదు, మందు మార్పించుకోవాలా అని.

డాక్టర్: మార్చే ముందు నా ఎదురుగా ఒకసారి పీల్చి చూపించమంటాను. సగం సంగతి అక్కడే బయటపడుతుంది. నొక్కగానే నోటి పక్కనుంచో ముక్కులోంచో తెల్లగా పొగలాగా వచ్చిందంటే, ఆ మందు ఊపిరితిత్తుల దాకా పోలేదన్నమాటే.

వాణి: అంటే తిరకాసంతా నొక్కడంలోనే ఉందా?

డాక్టర్: నొక్కడం, పీల్చడం రెండూ కలవాలండీ. స్ప్రే అసలే వేగంగా వస్తుంది, మనమూ గబుక్కున లాగేస్తే మందు గొంతు వెనక తగిలి అక్కడే అతుక్కుపోతుంది. అందుకని ముందు బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా బయటికి వదిలేసి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టాక అప్పుడు నొక్కాలి, నొక్కేశాం కదా అని ఆపకుండా 4, 5 సెకన్లు పీలుస్తూనే ఉండాలి. ఆ తర్వాత 10 సెకన్లు ఊపిరి బిగపట్టాలి. అంతసేపు కుదరకపోతే కుదిరినంతసేపే.

వాణి: రెండు పఫ్‌లు రాస్తే?

డాక్టర్: ఒక్కో పఫ్‌కి ఒక్కో ఊపిరి. మధ్యలో అర నిమిషమైనా ఆగి, మళ్లీ కుదిపి తీసుకోవాలి.

వాణి: పొడి మందు ఇన్హేలర్‌కి కూడా ఇంతేనా?

డాక్టర్: కాదు, అక్కడే చాలామంది తికమకపడతారు. అందులో మందుని తోసే గ్యాస్ ఉండదు, మన ఊపిరే దాన్ని లోపలికి లాక్కెళ్లాలి, కాబట్టి గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. దాంట్లోకి ఊదకూడదు, తేమ తగిలితే పొడి ముద్దకడుతుంది.

వాణి: స్ప్రే ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం, అదే స్పేసర్, చిన్నపిల్లలకే కదా అంటుంటారు.

డాక్టర్: పెద్దవాళ్లు కూడా వాడాలని నేను పట్టుబట్టి చెబుతాను. స్ప్రే ఆ గొట్టంలో కాస్త నెమ్మదిస్తుంది, నొక్కడం పీల్చడం సరిగ్గా ఒకే క్షణంలో కలవాలన్న టెన్షన్ ఉండదు, గొంతులో అతుక్కునేదీ తగ్గుతుంది. కడిగేటప్పుడు మాత్రం సబ్బు నీళ్లలో ముంచి తీసి గాలికి ఆరనివ్వండి. ప్లాస్టిక్ స్పేసర్‌ని గుడ్డతో తుడిస్తే స్టాటిక్ కరెంట్ పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

వాణి: మందు అయిపోయిందో లేదో నీళ్లలో వేసి చూస్తారు కొందరు...

డాక్టర్: తేలిందా మునిగిందా అన్నదాన్ని బట్టి ఏమీ తెలియదు. ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపించే కౌంటర్ ఇన్హేలర్ మీద ఉంటే అది చూడండి, లేకపోతే వాడిన పఫ్‌లు రాసుకోండి. మందు అయిపోయాక కూడా స్ప్రే వస్తూనే ఉంటుంది, మోసపోయేది అక్కడే.

వాణి: స్టెరాయిడ్ ఉందంటే అలవాటైపోతుందని భయపడి మానేసేవాళ్లున్నారు.

డాక్టర్: అలవాటు పడే మందు కాదండీ అది. శ్వాసనాళాల వాపుని తగ్గించి ఉంచుతుంది, బాగుంది కదా అని సొంతంగా మానేస్తే ఆ వాపు మళ్లీ మొదలవుతుంది. వాడిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే గొంతు బొంగురుపోవడం, నాలుక మీద తెల్లమచ్చలు రావడం జరగొచ్చు.

వాణి: ఇవన్నీ సరిగ్గా చేస్తున్నా తగ్గకపోతే?

డాక్టర్: వెంటనే ఉపశమనమిచ్చే ఇన్హేలర్ వారంలో రెండుసార్లకి మించి అవసరమవుతోందంటే డాక్టర్‌ని కలవాలి, మీ ఇన్హేలర్, స్పేసర్ వెంట తీసుకెళ్లండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం ఉన్నా, పఫ్‌లు తీసుకున్నా ఊపిరి అందకపోయినా మాత్రం ఆగొద్దు, తిన్నగా ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి.