కాకికి పెట్టిన ముద్ద

నమస్కారమండీ. మీకు వినిపిస్తున్న ఈ కాకుల అరుపులు విశాఖపట్నంలో మా పుట్టింటి మేడ మీదివి. ఈ రోజు నాన్న సంవత్సరీకం. కింద జరిగిన కార్యక్రమాన్ని నేను వీడియో తీయలేదు, తీయాలనిపించలేదు. తమ్ముడు విస్తరాకులో పిండం తెచ్చి పిట్టగోడ మీద పెట్టాక మాత్రమే కెమెరా బయటికి తీశాను.

నాన్న పోయినప్పుడు ఆ పది రోజులూ న్యూజెర్సీలో, వంటగదిలో నిలబడి, ఫోనులో చూశాను. అందుకే ఈసారి తొమ్మిదేళ్ళ మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని వచ్చాను. కాకి కోసం ఎదురుచూస్తూ అది అడిగింది: "అమ్మా, చనిపోయిన తాతయ్య వచ్చి తింటారంటే, ఆయన జాంబీ అయినట్టా?"

అమ్మ కోప్పడుతుందేమోనని భయపడ్డాను. ఆమె మాత్రం, "జాంబీ అంటే ఏమిటే?" అని నన్నే అడిగింది.

జాంబీ పుట్టిల్లు కరీబియన్ సముద్రంలోని హైతీ. ఫ్రెంచివారి చెరకు తోటల్లో, ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు ప్రాణం పోయేదాకా పనిచేసేవారు. చనిపోయాక ఆత్మ సముద్రం దాటి ఆఫ్రికాలోని గినీకి, పూర్వీకుల దగ్గరికి చేరుతుందన్నదే వారికి మిగిలిన ఆశ. ఆ దారి కూడా మూసుకుపోతే? మాంత్రికుడెవడో శవాన్ని లేపి, మళ్ళీ పొలంలోకే తోలితే? ఆ భయమే జాంబీ. వారి కథల్లో జాంబీ మనుషులను కొరకదు, చాకిరీ చేస్తుంది. దానికి ఉప్పు పెట్టరు. ఉప్పు నాలుకకు తగిలిందా, తాను చనిపోయానని గుర్తొచ్చి సమాధి వైపు నడిచిపోతుంది. ఆ బానిసలే తిరగబడి 1804లో స్వతంత్ర దేశాన్ని నిలబెట్టుకున్నారు. సినిమాలు జాంబీకి కోరలు తగిలించి, ఆ దుఃఖాన్ని తుడిచేశాయి. అది నాకు అన్యాయంగా తోస్తుంది.

"మన భేతాళుడిలాంటివాడా?" అంది అమ్మ. కాదు. 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన ఆ కథల్లో, విక్రమార్కుడి భుజం మీది శవం ఒకరిది, లోపలి గొంతు మరొకరిది. జాంబీలో ఏ గొంతూ లేదు.

మరి తాతయ్య? 'ప్రేత' అంటే ముందుకు సాగిపోయినవాడని అర్థం. దాన్ని దయ్యంగా మార్చుకున్నది మనమే. ఒంటిని చితి తీసుకుంది, కొత్తది ఇంకా రాలేదు. గరుడపురాణం ప్రకారం తొలినాటి పిండంతో తల ఏర్పడుతుంది, రోజుకొకటిగా మిగిలిన అవయవాలు వస్తాయి, పదోనాటికి ఆకలిదప్పులు కలుగుతాయి. పన్నెండో రోజు సపిండీకరణంతో ఆయన పితృదేవతల్లో కలుస్తాడు.

"అంటే జాంబీకి శరీరం ఉంది, లోపల ఎవరూ లేరు. తాతయ్య ఉన్నారు, శరీరం లేదు," అంది మా అమ్మాయి. అంత స్పష్టంగా నేను కూడా చెప్పలేకపోయాను.

ఆకలి మాత్రం అన్ని చోట్లా ఉంది. మెసపొటేమియా గిల్గమేష్ కావ్యంలో ఇష్టార్ దేవత, చనిపోయినవారిని పైకి లేపుతాను, వారు బతికున్నవారిని తినేస్తారు అని బెదిరిస్తుంది. ఆ ఆకలికి భయపడి పారిపోకుండా, మనవాళ్ళు అన్నం వండి పెట్టారు. కాకికే ఎందుకంటారా? ఉత్తరకాండలో, మరుత్తుడి యజ్ఞానికి రావణుడు వచ్చినప్పుడు యముడు కాకి రూపంలో దాక్కున్నాడు. కాకులు తింటే తన లోకంలోని వారి ఆకలి తీరుతుందని ఆ తర్వాత వరమిచ్చాడు.

కాకి వచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. కెమెరా ఆపేశాను.

మర్నాడు ఉదయం తమ్ముడు తర్పణాలు వదిలాడు. సాయంత్రం సముద్రం పక్కనే ప్రయాణించి భీమిలి వెళ్ళాం. ఇదిగో, డచ్చివారి సమాధులు. వ్యాపారానికి వచ్చి, తిరిగి వెళ్ళలేకపోయినవారు. ఉప్పుగాలికి అక్షరాలు అరిగిపోయాయి. మా అమ్మాయి ఒక రాయి మీద వేలు పెట్టి కాసేపు చదవడానికి ప్రయత్నించింది.

"అమ్మమ్మా, వీళ్ళ పిల్లలు ఎక్కడున్నారో! వీళ్ళకు ఎవరు పెడతారు?"

"పొద్దున మీ మామయ్య చివర్లో దర్భలతో నీళ్ళు విడిచాడు, చూశావా? తల్లీ తండ్రీ చుట్టాలూ ఎవరూ లేనివాళ్ళందరికీ అని మంత్రం. వీళ్ళకు కూడా అందే ఉంటాయి," అంది అమ్మ.