ఒక ప్రాసెసర్ పోయిందన్నారు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు కర్నూలులో, కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఒక డీటీపీ షాపులో కూర్చున్నాం. వెనక వినబడే హోరు ఏసీది కాదు, ఒక కంప్యూటర్‌ది. అన్నా, ముందు దీని సంగతి చెప్పండి.

అన్న: ఇది 2008 నాటి వర్క్‌స్టేషన్ తమ్ముడూ. లోపల ఇంటెల్ వాళ్ల జియాన్ ఈ5410 ప్రాసెసర్లు రెండు ఉన్నాయి. ఒక్కోదాంట్లో 4 కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు. వేగం 2.33 గిగాహెర్ట్జ్. పాత సామాన్ల అంగట్లో దొరికింది. "ఒక ప్రాసెసర్ పోయింది, అందుకే తక్కువకు ఇస్తున్నా" అని అమ్మినాయన ముందే చెప్పాడు.

హోస్ట్: నిజంగానే పోయిందా?

అన్న: నేనూ అదే అనుకున్నా. విండోస్ 10లో టాస్క్ మేనేజర్ తెరిస్తే సాకెట్లు 1, కోర్లు 4 అని ఉంది. సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. సరే, రెండోదాన్ని మార్చేద్దామని మూత విప్పాను. చిప్పు వేడిని లాగే హీట్‌సింక్ ఎత్తితే, మధ్యలో పూసిన పేస్ట్ ఎండిపోయి సుద్దపొడిలా రాలింది. తుడిచి, చిప్పు తీసి, ఫోన్ టార్చ్ వేసి సాకెట్‌లోకి చూశాను. ఈ రకంలో పిన్నులు చిప్పుకు ఉండవు, బోర్డు మీద సాకెట్‌లోనే ఉంటాయి. మొత్తం 771. ఒక్కటి వంగినా ఆ వరసలో మెరుపు తప్పుతుంది. టార్చ్‌ని అటూ ఇటూ వంచి ఎంతసేపు చూసినా, వరినాటు వేసినట్టు అన్నీ తిన్నగానే ఉన్నాయి. కొత్త పేస్ట్ పెట్టి బిగించాను. మళ్లీ అదే, సాకెట్లు 1.

హోస్ట్: మరి తప్పు ఎక్కడ?

అన్న: బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే బోర్డు చూపించే సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే తెలిసింది. అక్కడ రెండు ప్రాసెసర్లూ ఉన్నాయి, పేరుతో, వేగంతో సహా. బోర్డుకు రెండు కనబడుతున్నాయి, విండోస్‌కు ఒకటే కనబడుతోంది. అప్పుడు ఎడిషన్ చూశాను. హోమ్. విండోస్ 10 హోమ్ ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది. ప్రో అయితే రెండు. ఒక చిప్పులో ఎన్ని కోర్లున్నా దానికి ఇబ్బంది లేదు, చిప్పు మాత్రం ఒకటే ఉండాలి. ఇళ్లల్లో వాడే కంప్యూటర్లలో రెండు చిప్పులు ఉండవు కాబట్టి ఈ రూలు ఎవరికీ తగలదు. ఇలాంటి మిషన్‌కు తగిలితే మాత్రం నిక్షేపంలాంటి చిప్పు చచ్చినట్టు కనబడుతుంది. ఇలా ఎన్ని మంచి మిషన్లు తూకానికి పోయాయో అనుకుంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హోస్ట్: ప్రో వేసుకుంటే సరిపోయేది కదా?

అన్న: రెండు చిప్పులూ పనిచేసేవి, అంతవరకే. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. రోజూ పదిమంది పెన్‌డ్రైవులు తెచ్చి పెట్టే షాపు ఇది. అప్‌డేట్లు రాని సిస్టమ్‌తో నడపాలంటే నాకు టెన్షన్.

హోస్ట్: విండోస్ 11ను కూడా ఏవో కిటుకులతో పాత మిషన్లలో వేస్తున్నారుగా?

అన్న: అక్కడ రెండు రకాల అడ్డంకులున్నాయి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలనేది గేటు దగ్గర టికెట్ అడగడం లాంటిది, దాన్ని ఎలాగోలా దాటుతున్నారు. రెండోది దాటలేనిది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఇన్‌స్ట్రక్షన్లు, అంటే చిప్పు నేరుగా చేయగలిగే పనులు, చిప్పులోనే ఉండాలి. పాప్‌కౌంట్ చేసేది చిన్న పనే. ఒకట్లు, సున్నాల్లో రాసిన సంఖ్యలో ఒకట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. 10110 ఇస్తే 3 అని చెప్పాలి. నా చిప్పులో ఎస్‌ఎస్‌ఈ 4.1 వరకే ఉంది. ఇంటెల్ పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 రెండింటినీ ఆ తర్వాతి తరంలో, 2008 చివర్లో వచ్చిన నెహాలెమ్‌లో పెట్టింది. చిప్పులో లేని ఇన్‌స్ట్రక్షన్‌ని ఏ కిటుకూ తెచ్చిపెట్టలేదు.

హోస్ట్: లైనక్స్‌లో ఆ గొడవ లేదా?

అన్న: ఉంది. అది తెలియక నాకు ఒక ఆదివారం పోయింది. రెడ్ హ్యాట్ 9 కుటుంబంలోని లైనక్స్ ఒకటి ఎక్కించబోతే, ఈ సీపీయూకు ఎక్స్86-64-వీ2 లేదని చెప్పి మధ్యలో ఆగిపోయింది. వీ2 అంటే చిప్పులో ఏ ఇన్‌స్ట్రక్షన్లు ఉండాలో చెప్పే మెట్లలో రెండోది. ఆ 9లో ప్రోగ్రాములన్నీ వీ2 స్థాయికి కంపైల్ చేసి ఉంటాయి. పాప్‌కౌంట్ అందులోనూ తప్పనిసరి. 10కి వచ్చేసరికి ఇంకో మెట్టు ఎక్కి వీ3 అయింది. డెబియన్ అనే లైనక్స్ మాత్రం 2003లో ఏఎండీ ఆప్టెరాన్ వచ్చినప్పటి మొదటి మెట్టు మీదే ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా అంతే. దాని కెర్నెల్, అంటే ఓఎస్ గుండెకాయ, బూట్ అయ్యేటప్పుడు చిప్పులో పాప్‌కౌంట్ ఉందో లేదో చూసుకుంటుంది. లేకపోతే అదే లెక్కను మామూలు కూడికలతో చేసుకుంటుంది. నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను.

హోస్ట్: అందులో రెండూ కనబడ్డాయా?

అన్న: పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా ఎక్కించి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టాను. సీపీయూలు 8, సాకెట్లు 2. ఇంట్లోవాళ్లను పిలిచి, ఆ లైను మీద వేలు పెట్టి చూపించాను.

ఇంకో మాట. పాత మిషన్‌కు పాత ఓఎస్సే మంచిదంటారు. రెండు ప్రాసెసర్లున్నప్పుడు ఆ మాట నిలబడదు. లైనక్స్‌కు ఒకటికి మించి ప్రాసెసర్లను వాడుకునే సౌకర్యం 1996లో 2.0తో వచ్చింది. అప్పట్లో కెర్నెల్ మొత్తానికి ఒకటే తాళం. ఒక ప్రాసెసర్ లోపల పని చేసుకుంటుంటే, లోపల పని పడిన రెండోది బయట కాచుకుని ఉండాల్సిందే. ఏళ్ల తరబడి ఆ పెద్ద తాళాన్ని చిన్న చిన్న తాళాలుగా విడగొడుతూ వచ్చి, 2011లో 2.6.39తో పూర్తిగా తీసేశారు. అంటే రెండు చిప్పుల్నీ సరిగ్గా వాడుకోవడం కొత్త కెర్నెల్‌కే బాగా తెలుసు.

హోస్ట్: ఇప్పుడు దీంతో ఏం చేయిస్తున్నారు?

అన్న: పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చదివిస్తున్నా, బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే టెసరాక్ట్ అనే ప్రోగ్రాంతో. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మా నాన్న దాచుకున్న పుస్తకాలు సగానికి సగం బురదయ్యాయి. మిగిలినవైనా అక్షరాలుగా నిలవాలి. టెసరాక్ట్‌ని దాని మానాన వదిలేస్తే ఒక్క పేజీకే చాలా థ్రెడ్లు, అంటే పక్కపక్కనే నడిచే పనులు తెరుస్తుంది, అవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ 1 అని పెట్టి, ఎక్స్‌ఆర్గ్స్ అనే కమాండ్‌లో పీ 8 ఇస్తే ఒకేసారి 8 పేజీలు నడుస్తాయి, కోరుకో పేజీ. మసకగా అచ్చయిన చోట ఒత్తులు తప్పుతాయి, అవి నేను కూర్చుని దిద్దుకుంటా. పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్ల పని మాత్రం పక్కనున్న విండోస్ మిషన్‌లోనే.

హోస్ట్: మన ఎండలకు ఇది తట్టుకుంటుందా?

అన్న: ఒక్కో చిప్పు 80 వాట్లది. దానికి తోడు ఇందులో ఉండేది ఎఫ్‌బీ-డిమ్ ర్యామ్, ప్రతిదాని మీదా ఇంకో చిప్పు ఉంటుంది, చెయ్యి పెట్టలేం. మే నెలలో తెల్లారి నాలుగింటికి మొదలుపెట్టి, తొమ్మిదికల్లా ఆపేస్తా. కరెంటు బిల్లు కూడా చూసుకోవాలి కదా. ఆ ర్యామ్ వేరే కంప్యూటర్లకు పట్టదు కాబట్టి పాతది చవకగానే వస్తుంది. జతగా కొనాలి, ఒకటి కొంటే లాభం లేదు.

హోస్ట్: అన్నా, ఆదోనిలో మా బావ దగ్గర ఇలాంటిదే ఒకటి మూలన పడి ఉంది. సగమే పనిచేస్తోందని అమ్మేస్తానంటున్నాడు.

అన్న: అమ్మొద్దని ఇప్పుడే ఫోన్ చెయ్యి. బయాస్‌లో ప్రాసెసర్ల పేజీ ఫోటో తీసి పంపమను. విండోస్ ఏ ఎడిషనో కూడా అడుగు.