చూపు తిప్పుకున్న చోట ఆగి చూడండి

(కెమెరా ముందు, నేరుగా)

ఓసారి ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉన్నాను. పక్క కుర్చీలో ఓ పెద్దాయన, చేతిలో బిల్లు కాగితం. మడుస్తున్నాడు, విప్పి చూస్తున్నాడు, మళ్లీ మడుస్తున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. "ఆ, అంతా బాగానే ఉందమ్మా, నువ్వు చదువుకో" అన్నాడు. పెట్టేశాక ఆ కాగితాన్ని ఇంక మడత పడనంత చిన్నగా చేసి గుప్పిట్లో పట్టుకున్నాడు.

నేనేం చేశానంటే, నా ఫోన్ తీసి అందులోకి చూస్తూ కూర్చున్నాను. అందులో చూడాల్సిందేమీ లేదు.

(కట్. తెల్ల కాగితం, పెన్ను)

ఆ రాత్రి ఆయన గురించి రాయబోతే మొదట వచ్చిన వాక్యం: "ఆయన కళ్లలో అంతులేని విషాదం." అసలు నేను ఆయన కళ్లు చూడనే లేదు! ఆస్పత్రి గుమ్మం తొక్కకుండానే ఎవరైనా రాసేయగల వాక్యం అది. ఇబ్బందిగా అనిపించగానే చూపు తిప్పేసుకుంటాం, ఆ చూడని చోటుని తర్వాత అరిగిపోయిన మాటలతో నింపేస్తాం, మన రాతల్లో పస తగ్గేది చాలాసార్లు అక్కడే. ఆ వాక్యం కొట్టేసి మడతల గురించి, ఫోన్‌లో ఆ అబద్ధం గురించి రాశాను. బాధ అనే మాట వాడాల్సిన అవసరమే రాలేదు.

(స్క్రీన్ మీద: నేల మీద చిన్న నీటి గుంట)

ఇంగ్లిష్ రచయిత జార్జ్ ఆర్వెల్ 1931లో 'ఎ హ్యాంగింగ్' (ఓ ఉరితీత) అని ఓ చిన్న రచన ప్రచురించాడు. బర్మా జైల్లో ఓ ఖైదీని ఉరితీయడానికి నడిపిస్తుంటారు. దారిలో నీటి గుంట వస్తే ఆ మనిషి కాళ్లు తడవకుండా కాస్త పక్కకి జరుగుతాడు. కాసేపట్లో చనిపోబోతున్నవాడు! ఉరిశిక్ష ఎంత ఘోరమో ఆ ఒక్క అడుగు చూశాకే తనకి అర్థమైందంటాడు కథ చెప్పే మనిషి. అంత టెన్షన్‌లో కాళ్ల వైపు చూడటం మామూలు విషయం కాదు.

ఇలాంటివి చూడటానికి జైలుకే వెళ్లక్కర్లేదు. తుడిచే ఆవిడ బకెట్‌తో లిఫ్ట్ ఎక్కగానే అందరూ ఓ అడుగు వెనక్కి జరగడం, అమ్మ చెప్పిందే మళ్లీ చెబుతుంటే కొడుకు టీవీ సౌండ్ పెంచడం, ఇవన్నీ రోజూ మన కళ్ల ముందే జరుగుతాయి. ఒక్కోసారి ఆ కొడుకు మనమే.

(మళ్లీ కెమెరా ముందుకి)

అలాగని ఫోటోలు తీయకండి. రాసేటప్పుడు పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు మార్చేయండి, ఆ బాధ వాళ్లది. ఇంకోటి, నేను చేసిన తప్పు. ఆ పెద్దాయన కాసేపటికే, లైన్‌లో మధ్యలో దూరబోయిన కుర్రాడి మీద గట్టిగా అరిచాడు. "పాపం" అనిపించాలని మొదట ఆ ముక్క తీసేశాను. తీసేశాక అక్కడ మనిషి లేడు, జాలి మాత్రమే మిగిలింది. తిరిగి పెట్టాను. నేను ఫోన్ చూస్తూ కూర్చున్న సంగతి కూడా పెట్టాను, అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది ఆ వాక్యానికే.

ఇవాళ మీరు దేన్నుంచి చూపు తిప్పుకున్నారో గుర్తు తెచ్చుకుని ఓ నాలుగు వాక్యాలు రాయండి. వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో అక్కడ మొదలుపెట్టండి.