పప్పు అంటే తిట్టేనా? మరి జీడిపప్పు సంగతేంటి?

నమస్తే అండీ. "పప్పు అనే తిట్టు మనకు హిందీ నుంచి వచ్చింది" అని ఈ మధ్య ఎవరిని కదిలించినా అంటున్నారు. ఇక వినలేక ఈ వీడియో చేస్తున్నాను. హిందీలో పప్పు అంటే మనం చిన్నా, బుజ్జీ అన్నట్టు పిల్లల్ని ముద్దుగా పిలిచే పేరు. దానికీ కందిపప్పుకీ ఏ చుట్టరికమూ లేదు. వాళ్లు పప్పుని దాల్ అంటారు. మన తిట్టు మన వంటింటిదే. ముద్దపప్పులో తాలింపు ఉండదు, మిరపకాయ ఉండదు. పక్కన నెయ్యీ ఆవకాయా పడితేనే దానికి ప్రాణం. చురుకులేని మనిషిని ముద్దపప్పు అనడం అందుకేనని నా నమ్మకం.

[తెర మీద: పెంకుతో జీడిగింజ, పక్కన జీడిపప్పు]

నిఘంటువు అర్థం ఇంకా బాగుంటుంది. పైన పొట్టో పెంకో తీసేస్తే లోపల దొరికేది పప్పు. కాబట్టే బాదంపప్పు, సారపప్పు కూడా పప్పులయ్యాయి. వేటపాలెం జీడిపప్పు తెలుసు కదా? ఆ ఊరు 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లా. జీడిపప్పేమీ కందుల్లాంటి పప్పుధాన్యం కాదు. పెంకు కొట్టి లోపలిది తీస్తారు, అందుకని పప్పు. తమిళంలోనూ అంతే, వాళ్లు ముందిరి పరుప్పు అంటారు.

ఇక నాకు బాగా ఇష్టమైన మాటకొస్తాను. "ఏందబ్బయా, మా దగ్గర నీ పప్పులుడకవులే!"

పొదిలి, కనిగిరి వైపు బోరునీళ్లతో కందిపప్పు వండిన ఆడవాళ్లని అడగండి ఈ మాటకి అర్థం. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా బద్ద బద్దగానే ఉంటుంది. పప్పుగుత్తితో ఎనిపితే మెదగదు, పక్కకి జారిపోతుంది. బద్దలో కణాలని అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. మంచినీళ్లలో వేడి తగిలితే అది కరిగి బద్ద విచ్చుకుంటుంది. బోరు ఉప్పునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పెక్టిన్‌ని పట్టుకుని కరగనివ్వవు. చింతపండు ముందే వేస్తే కూడా ఇదే తంటా, పులుపులో పెక్టిన్ ఓ పట్టాన కరగదు. పప్పు మెత్తబడ్డాకే పులుసు పోయాలని అమ్మమ్మలు పట్టుబట్టేది ఊరికే కాదు.

ఇప్పుడు ఆ మాట మళ్లీ వినండి. పప్పు మంచిదే, మంటా సరిగ్గానే ఉంది. నీళ్లు ఒప్పుకోలేదంతే! పక్క ఊళ్లో చక్కగా ఉడికిన పప్పే ఇక్కడ ఉడకదు. పక్క ఊళ్లో పారిన ఎత్తు ఇక్కడ పారదు. "మా దగ్గర" అన్న ముక్కలోనే ఉంది బలమంతా.

అలాగని ఈ మాట మన బోరునీళ్లలోనే పుట్టిందని చెప్పను. నెల్లూరు మీదుగా తడ దాటి తమిళనాడులోకి పోతే అక్కడా "ఉన్ పరుప్పు ఇంగ వేగాదు" అంటారు. హిందీవాళ్లు "దాల్ నహీ గలేగీ" అంటారు. చూశారా, హిందీతో చుట్టరికం కలపాలంటే ఇక్కడ కలపాలి, ఆ తిట్టు దగ్గర కాదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పప్పులో కాలేశావంటే పొరపాటు చేశావని. పప్పుబెల్లాల్లా పంచిపెట్టడమంటే లెక్కాపత్రం లేకుండా పంచేయడం. "అప్పు చేసి పప్పుకూడు" సామెతలో మాత్రం పప్పు అంటే విలాసం. జొన్నసంకటి తిని బతికిన మెట్ట ఊళ్లలో పప్పూ వరన్నమూ పండగ భోజనం మరి! "పప్పన్నం ఎప్పుడు పెడతావు?" అని పెళ్లికాని వాళ్లని అడిగేదీ ఆ లెక్కలోనే.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాళ్లు ఎవరైనా చూస్తుంటే, పప్పు మీద మీ దగ్గర ఇంకేం మాటలున్నాయో నాకు తప్పకుండా రాయండి. వచ్చే వీడియోలో కారం గురించి మాట్లాడుకుందాం.